నాలుగో డౌన్‌లో మా ఆయన

సెప్టెంబరు మూడో ఆదివారం పొద్దున్నే పేపరు కోసం తలుపు తీస్తే, మా ఇంటి ముందు గడ్డిలో ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు పాతి ఉంది. మా ఊరికి ఇది కొత్తేమీ కాదు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వరసగా మూడు ఆటలు ఓడిందంటే కోచ్ ఇంటి ముందు బోర్డు మొలుస్తుంది. మూటాముల్లె సర్దుకోమని మర్యాదగా చెప్పడమన్నమాట. మాకు ముందున్న కోచ్‌కూ పాతారు. అప్పట్లో ఆ కబురు విని నేను కడుపుబ్బ నవ్వాను. మన గడ్డిలో పాతినప్పుడు అంత నవ్వు రాదని ఆ పొద్దున తెలిసింది.

మా మామగారు కాఫీ కప్పుతో బయటికొచ్చి, బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి, పట్టుకుని ఊపి చూశారు.

"లోతుగా పాతలేదు," అన్నారు. "గాలొస్తే పడిపోద్ది. ఏ పనీ శ్రద్ధగా చెయ్యరు."

ఆయన పేరు ఆర్విడ్ లిండెల్. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు జట్లకు కోచ్‌గా పనిచేశారు. అత్తగారు పోయాక రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. మా నెబ్రాస్కా రాష్ట్రంలో ఒకసారి కోచ్ అయినవాడు చచ్చేదాకా కోచే, పేరు పెట్టి ఎవరూ పిలవరు. మా ఆయన కర్టిస్, మా ఊళ్లోని డేన్‌బ్రిజ్ కాలేజీ జట్టుకు హెడ్ కోచ్. అంచేత ఫోను మోగి "కోచ్ ఉన్నారా?" అంటే, "ఏ కోచ్?" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో మాత్రం మామగారు పెద్ద కోచ్.

ఆ శరదృతువులో మాకు మొత్తం నాలుగు బోర్డులొచ్చాయి. చెక్క మంచిదే. పెద్ద కోచ్ వాటితో గ్యారేజీలో అర బిగించారు.

కర్టిస్‌కు మాత్రం నవ్వే ఓపిక లేదు. హెడ్ కోచ్ కాకముందు పద్నాలుగేళ్లు అదే జట్టులో లైన్ కోచ్‌గా ఉన్నాడు. అంటే బంతి ముట్టుకోకుండా ముందు వరసలో నిలబడి అవతలివాళ్లను తోసే ఐదుగురు భారీ కుర్రాళ్లకు గురువు. ఆ రోజుల్లో ఒళ్లంతా బురదతో వచ్చి, తిట్టినా వినకుండా అలాగే బల్ల ముందు కూర్చుని, గిన్నెలు ఖాళీ చేసేవాడు. హెడ్ కోచ్ అయిన ఈ మూడేళ్లలో బట్టలకు మట్టి అంటడం మానేసింది. కంచంలో అన్నీ అలాగే మిగిలిపోయేవి. కడుపు మంట బిళ్లలు కోటు జేబులో, కారులో, చర్చిలో మేం కూర్చునే బెంచీ సందులో కూడా ఉండేవి. నిద్రలో పళ్లు కొరికేవాడు. ఆ సీజనుతో కాంట్రాక్టు అయిపోతుంది. ఉంచాలో పంపాలో నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగలోగా కాలేజీ తేల్చాలి.

ఊరు మాత్రం రోజూ తేలుస్తూనే ఉంది. అక్టోబరులో మొక్కజొన్న కోతల వేళ ధాన్యం గోదాము పక్కనున్న కాఫీ హోటల్‌కి వెళ్తే, తూకం చూసే వెండెల్ నా ఎదురుగా వచ్చి కూలబడ్డాడు.

"గ్వెన్, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు," అన్నాడు. ఆ మాట అన్నాడంటే ఏదో ఒకటి అనుకోవాల్సిందే వస్తుంది. "మీ ఆయన పిరికోడా, పిచ్చోడా?"

"రెండూ అయితే నేను చేసుకునేదాన్ని కాదు. ఎందుకు?"

"నాలుగో డౌన్ సంగతి. మొన్న మన గోల్ గీతకి పదిహేను గజాల దగ్గర, ఎవడైనా కళ్లు మూసుకుని బంతిని దూరంగా తన్నేసే చోట, ముందుకు పొమ్మన్నాడు. అంతకుముందు వారం అవతలోళ్ల గీత నాలుగడుగుల్లో ఉంటే తన్నమన్నాడు. చిన్నప్పట్నుంచి ఆట చూస్తున్నా, ఈయన లెక్క అందట్లేదు."

మా అమెరికా ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. మూడు అయిపోయి ఇంకా గజమో, అరగజమో మిగిలిందంటే అప్పుడు కోచ్ తేల్చుకోవాలి: బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించడమా, ఉన్నదంతా ఒడ్డి నాలుగోసారి తోసుకుపోవడమా. తేల్చుకోవడానికి పాతిక సెకన్లు. సహాయ కోచ్‌లు ఎన్నయినా చెప్తారు కానీ, చివరి మాట హెడ్ కోచ్‌దే.

"ఏదో లెక్క ఉండే ఉంటుందిలే," అన్నాను.

"ఉంటే మాకూ చెప్పమను. మా ఆవు కూడా అడుగుతోంది."

ఆ వారమే కాలేజీ ప్రెసిడెంటు మా ఇంటికొచ్చింది. ఎలనార్ ప్రిచర్డ్ అని, బోస్టన్ నుంచి కొత్తగా వచ్చినావిడ. కర్టిస్ సాధనలో ఉండే సమయం చూసుకునే వచ్చింది. వస్తూనే "మిస్టర్ లిండెల్," అంది. మామగారు వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరన్నా ఉన్నారేమోనని.

"నాకు ఫుట్‌బాల్ తెలీదు," అందావిడ. "కోచ్ మంచివాడా కాదా తేల్చే బాధ్యత మాత్రం నాదట. ఎన్ని గెలిచాడో లెక్క ఇచ్చారు. పాత విద్యార్థులు పంపేయమని ఉత్తరాలు రాశారు, పిల్లల తల్లిదండ్రులు ఉంచమని రాశారు. లెక్కల ప్రొఫెసరు పన్నెండు పేజీల పట్టిక ఇచ్చాడు. అన్నీ చదివాక ముందుకంటే తక్కువ అర్థమైంది."

"గెలుపోటములు చూసి కోచ్‌ని తేల్చడమంటే వాన చూసి రైతుని తేల్చినట్టే," అన్నారు మామగారు.

"అందుకే ఆట తెలిసినవాళ్లని అడిగా. తలా ఒక రకంగా చెప్పారు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఎవరని అడిగితే మాత్రం అందరూ మీ పేరే చెప్పారు."

"వాడు నా కొడుకని చెప్పలేదా?"

"చెప్పారు. హైస్కూలు రోజుల్లో రాష్ట్ర ఫైనల్లో కొడుకుని ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టారని కూడా చెప్పారు."

"మోకాలు బాగాలేదు వాడికి."

"మోకాలు బాగానే ఉందన్నారు."

నేను కాఫీ పోస్తూ ఆగిపోయాను. ఆ బెంచీ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మామగారు కప్పు బల్ల మీద పెట్టారు.

"వాడి బదులు దింపిన పిల్లాడు ఇంకా బాగా ఆడేవాడు," అన్నారు చివరికి.

"నాకు ఒక్క కాగితం రాసివ్వండి," అంది ప్రెసిడెంటు. "మంచి కోచేనా, కాదా. థాంక్స్‌గివింగ్ వారం సోమవారానికి కావాలి. మీరేం రాస్తే నేను అదే చేస్తా."

ఆవిడ కారు మలుపు తిరగ్గానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత నిక్కచ్చి మనిషైనా కన్నతండ్రి కదా. సంతోషం పట్టలేక అడిగేశాను.

"మంచిగా రాస్తారుగా, పెద్ద కోచ్?"

"చూసి రాస్తా."

"మూడేళ్లుగా చూస్తూనే ఉన్నారుగా?"

"ఇన్నాళ్లూ ఆట చూశా. కోచ్‌ని చూళ్లేదు." లేస్తూ అన్నారు: "వాడికి చెప్పకు. చెప్తే నాకోసం ఆడతాడు."

ఆ శనివారం ఆయన పక్కనే కూర్చున్నాను. మామగారిది ఎప్పుడూ ఒకటే చోటు: స్టాండులో అన్నిటికన్నా పై వరస, ఎడమ చివర. నెత్తిన విత్తనాల కంపెనీవాళ్లిచ్చిన ఎర్ర టోపీ, చేతిలో పెన్సిలు, మోకాలి మీద అట్ట.

"బంతిని చూడకు," అన్నారు. "బంతిని చూడ్డానికి నాలుగువేల మంది ఉన్నారు. నీ మొగుణ్ణి చూడు."

ఇరవై ఏళ్ల కాపురంలో నేను మా ఆయన్ని ఆట మొత్తం చూడటం అదే మొదలు. ముందు వరసలో బ్రాక్ అనే భారీ కుర్రాడు తోపు తిని, తల వేలాడేసుకుని బయటికొచ్చాడు. కర్టిస్ వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడి మణికట్లు పట్టుకుని, రెండంగుళాలు లోపలికి జరిపి, ఏదో ఒక్క మాటన్నాడు. వాడు తలాడించి మళ్లీ లోపలికెళ్లాడు. ఈసారి తోపు తిన్నది అవతలివాడు.

"చూశావా," అన్నారు మామగారు రాసుకుంటూ. "ఒక్క ముక్కే చెప్పాడు. పది చెప్తే పిల్లాడికి ఒక్కటీ ఎక్కదు. సెప్టెంబర్లో ఆ ఐదుగుర్లో ముగ్గురు నిలబడలేకపోయేవాళ్లు. ఇప్పుడు ఐదుగురూ నిలబడుతున్నారు." ఆయన గొంతులో ఉన్నది గర్వమే. నేను దాన్ని అక్కడికక్కడే తీసి దాచుకున్నాను.

తర్వాత నాలుగో డౌన్ వచ్చింది. గజం మిగిలింది. సహాయ కోచ్‌లు ఇద్దరు కర్టిస్ చెవుల్లో చెరొకటి చెప్తున్నారు. అతను వాళ్లను వదిలేసి వెనక్కి తిరిగి, తలెత్తి, సరిగ్గా మా మూలకేసి చూశాడు.

నాకోసమే చూశాడనుకున్నాను. సిగ్గు లేకుండా చెయ్యూపాను కూడా. అదే క్షణంలో మామగారు టోపీ తీసి నెత్తి గోక్కున్నారు. ఆయనకు నెత్తి మీద చర్మం పొడిబారి, ఏ మందు రాసినా తగ్గని దురద. కర్టిస్ అటు తిరిగి ముందుకు పొమ్మని చెయ్యి విసిరాడు. మా కుర్రాళ్లు జానెడు దూరంలో ఆగిపోయారు.

రెండోసారి కూడా అలాగే తిరిగి చూశాడు. నేను చెయ్యూపాను. మామగారు రాసుకుంటున్నారు, టోపీ నెత్తినే ఉంది. కర్టిస్ తన్నమన్నాడు. మూడోసారికి ఎండ నడినెత్తికొచ్చింది. మామగారు టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. కర్టిస్ పొమ్మన్నాడు.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పక్కకు చూస్తే మామగారు టోపీని ఎవరిదో పరాయివాళ్ల వస్తువులాగా ఒళ్లో పట్టుకుని ఉన్నారు. వెండెల్‌కు అందని లెక్క అక్కడుంది, మా మామగారి నెత్తి మీద.

"గ్వెన్, వీడు ఎప్పట్నుంచి ఇలా చూస్తున్నాడు?"

"నాకోసం చూస్తున్నాడనుకున్నా," అన్నాను.

ఆయన టోపీ మెల్లగా పెట్టుకున్నారు. ఆట అయ్యేదాకా మళ్లీ తియ్యలేదు. దురద ఎంత పెట్టిందో పాపం, కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతి వారాలు రెండూ వేరే ఊళ్లలో ఆటలు, మేం వెళ్లలేదు. నవంబరులో ఆఖరి శనివారానికి ముందు శనివారం ఆట మా ఊళ్లోనే, హేస్‌వుడ్‌వాళ్లతో. తాతల నాటి పగ. చివరి ఐదు నిమిషాల్లో మేం రెండు పాయింట్లు ముందున్నాం. మామగారు లేచారు.

"కాఫీ తెచ్చుకుంటా. నువ్విక్కడే ఉండు. చెయ్యూపకు."

ఆయన మెట్లు దిగి, మైదానం చివర కంచె దగ్గర నిలబడ్డం పైనుంచి చూశాను. నాలుగో డౌన్ వచ్చింది. అరగజం. కర్టిస్ వెనక్కి తిరిగాడు. మా మూలకు చూశాడు. పక్క చోటు ఖాళీ. నన్ను చూశాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని రాయిలా కూర్చున్నాను. నా బతుకులో నేను చేసిన కష్టమైన పని అదే. అతని చూపు స్టాండంతా వెతికింది, ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్లీ మొదటికి. పదకొండు మంది కుర్రాళ్లు మైదానంలో నిలబడి అతనికేసే చూస్తున్నారు. పాతిక సెకన్లు అయిపోయాయి. అంపైరు పసుపు జెండా విసిరి, ఆలస్యానికి ఐదు గజాలు వెనక్కి జరిపాడు.

అక్కణ్ణుంచి తన్నక తప్పలేదు. హేస్‌వుడ్‌వాళ్లు బంతి చేజార్చుకున్నారు. మేం గెలిచాం. జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తారు. వెండెల్ ఎక్కణ్ణుంచో వచ్చి నన్ను ఎత్తి దింపాడు.

"నేనెప్పుడూ చెప్పేవాణ్ణిగా, మీ ఆయన మొనగాడని," అన్నాడు.

నేను కిందికెళ్లేసరికి మామగారు రెండు కాఫీలు పట్టుకుని అక్కడే ఉన్నారు. రెండూ చల్లారిపోయాయి.

"గెలిచాం," అన్నాను, ఆ మాటను ఆయన చేతిలో పెట్టాలని.

"పిల్లలు గెలిచారు," అన్నారాయన.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక నేను మాంసం, చిక్కుడు గింజలు వేసి చిల్లీ ఉడకబెడుతున్నాను, దాల్చినచెక్క రోల్స్ పొయ్యిలో ఉన్నాయి. మామగారు ఒక కాగితం తెచ్చి కర్టిస్ ముందు పెట్టారు.

"ప్రెసిడెంటుగారు నీ గురించి రాసిమ్మంది. రేపిస్తా. ముందు నువ్వు చదువు."

కర్టిస్ నిలబడే చదివాడు. రెండుసార్లు చదివి నాకిచ్చాడు. మామగారి అక్షరాలు పెద్దవి, మొత్తం ఐదు వాక్యాలు. ‘కర్టిస్ లిండెల్ నేను చూసిన లైన్ కోచ్‌లందరిలో మొదటివాడు. నేను కూడా వాడి తర్వాతే. హెడ్ కోచ్‌గా పనికిరాడు. ఈ పని తీసేసి ఆ పని తిరిగి ఇవ్వండి. మీరివ్వకపోతే ఇంకో కాలేజీ వాణ్ణి ఎగరేసుకుపోతుంది.’ కింద సంతకం, సంతకం కింద ‘తండ్రి’ అని.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నిన్న గెలిచాడు," అన్నాను. "ఊరంతా నెత్తిన పెట్టుకుంది. మీరొక్కరే దింపుతారా? ఒకసారి బెంచీ మీద కూర్చోబెట్టింది చాల్లేదా?"

"గ్వెన్, ఆగు," అన్నాడు కర్టిస్. తండ్రి వైపు తిరిగాడు. "ఎందుకు పనికిరానో రాయలేదేం?"

"అది ఇంటి సంగతి."

"ఇంట్లోనే ఉన్నాంగా. చెప్పు."

"నాలుగో డౌన్‌లో పైకి చూస్తావు."

కర్టిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు చెప్తున్నావుగా, నాన్నా," అన్నాడు. నలభై మూడేళ్ల మనిషి. "టోపీ తీస్తే పొమ్మని. ఉంచుకుంటే తన్నమని."

"నేనేం చెప్పలేదురా. దురద."

"మూడేళ్లూనా?"

"మూడేళ్లూ."

"కిందటేడు హేస్‌వుడ్ మీద? మన ఇరవై గజాల దగ్గర, టోపీ తీసి గాల్లో ఊపావు కూడా. నాన్నకి నా మీద ఎంత నమ్మకమో అనుకున్నా."

"అప్పుడు కందిరీగ."

కర్టిస్ మొహంలో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. ముందు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. కందిరీగ, కందిరీగ అంటూ బల్ల మీద తల పెట్టి నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో, మళ్లీ ఎక్కడ నవ్వైందో చెప్పలేను. మామగారు కొడుకు వీపు మీద చెయ్యి వేద్దామా వద్దా అని తటపటాయించి, చివరికి వేశారు. ఆ చెయ్యి అక్కడ ఎలా ఉండాలో తెలియనట్టు బిగుసుకుని ఉంది. అయినా తియ్యలేదు.

"నాకు మొదటి ఏడాదే తెలుసు," అన్నాడు కర్టిస్ మొహం తుడుచుకుని. "ఇది నా పని కాదని. నా అంతట నేను వదిలేస్తే ఊరు ఏమంటుంది, మీరేమంటారు అని... ఎవరన్నా చెప్తే బాగుణ్ణనిపించేది. ఎవరూ చెప్పరే. అందరూ ఓడినప్పుడు తిట్టేవాళ్లు, గెలిచినప్పుడు పొగిడేవాళ్లు."

"నాకూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు చెయ్యూపేదానివి," అన్నాడు.

అప్పుడు మామగారి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. మూడేళ్లుగా అది అక్కడ ఉందని దించాకే తెలిసింది. నేను కోరుకున్నది మా ఆయన మంచి కోచ్ అనిపించుకోవాలని కాదు, ఆ ప్రశ్న మా ఇంట్లోంచి వెళ్లిపోవాలని. కర్టిస్ లేచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నేనే ఇస్తా," అని పొయ్యి వైపు చూశాడు. "చిల్లీ అయిందా?"

రెండు గిన్నెలు తిన్నాడు. రోల్స్ ఎన్ని తిన్నాడో లెక్కపెట్టడం మానేసి నేను స్నానాల గదిలోకెళ్లి, కుళాయి తిప్పి, హాయిగా ఏడ్చాను.

సోమవారం అతనే వెళ్లి ప్రెసిడెంటుకు కాగితం ఇచ్చాడు. మీరు ఒప్పుకుంటారా అని ఆవిడ అడిగితే, తండ్రి సంతకం కింద తనూ సంతకం పెట్టాడట. డిసెంబరులో కొత్త హెడ్ కోచ్‌ను వెతికారు, కర్టిస్‌కు పాత పని తిరిగొచ్చింది. ఊరికి పట్టరాని కోపమొచ్చింది. హేస్‌వుడ్‌ని ఓడించినవాణ్ణి దింపుతారా అని. సెప్టెంబర్లో బోర్డు పాతినవాళ్లే ఇంట్లో కాల్చిన ఆపిల్ పైలు తెచ్చిచ్చి నన్ను ఓదార్చారు. బోస్టన్ మనిషికి కోచ్ విలువేం తెలుస్తుందని వెండెల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను తలూపి, పైలన్నీ తీసుకున్నాను.

మరుసటి సెప్టెంబరు మొదటి ఆటకు కొత్త కోచ్ వచ్చాడు. ట్రెంట్ మోసర్, ముప్పై రెండేళ్లవాడు, కాన్సస్ మనిషి. ఏదైనా మూడు సెకన్లలో తేల్చేస్తాడు, సగం తప్పుగా. ఆఖరి నిమిషంలో నాలుగో డౌన్ వచ్చింది. స్టాండంతా లేచి నిలబడి అరుస్తోంది. మామగారు పళ్లు బిగించారు. మోసర్ పొమ్మన్నాడు. గీతకు రెండడుగుల దూరంలో ఆగిపోయారు. ఓడిపోయాం.

ఆ సాయంత్రం కర్టిస్ మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చాడు. తిట్టాను, వినలేదు. అలాగే బల్ల ముందు కూర్చుని బంగాళాదుంపల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మామగారు మాత్రం ఇంకా చల్లారలేదు.

"ఆ నాలుగో డౌన్‌లో తన్నాల్సింది," అన్నారు. "పసిపిల్లాడు కూడా తన్నేవాడు. నువ్వైతే ఏం చేసేవాడివిరా?"

ఆ మాట అడగ్గానే నేను చెంచా కింద పెట్టి మా ఆయన మొహంలోకి చూశాను. కర్టిస్ నోట్లో ముద్ద నమిలి మింగాడు.

"ఏ నాలుగో డౌన్?" అన్నాడు. "నేను బ్రాక్‌తో మాట్లాడుతున్నా. ఆట ఓడిపోయామా?"